జార్జ్‌టౌన్‌లో శుక్ర, శని, ఆది

శుక్రవారం

కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది మేం దిగిన దగ్గర్నుంచీ ఒకటే గోల. "బావా, ట్విన్ టవర్స్ ఎక్కడికీ పోవు, ముందు పెనాంగ్ వెళ్లి తినొద్దాం పద" అని. చూసొద్దాం అనలేదు, తినొద్దాం అన్నాడు. తర్వాత తెలిసింది, మలేషియాలో ఎవరిని కదిపినా పెనాంగ్ గురించి ఇలాగే మాట్లాడతారని.

కేఎల్ సెంట్రల్‌లో, అంటే కౌలాలంపూర్ స్టేషన్లో, రైలెక్కితే నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. బటర్‌వర్త్‌లో దిగి అక్కడి నుంచి నడుచుకుంటూనే ఫెర్రీ దగ్గరికి వెళ్లిపోవచ్చు. పెనాంగ్ ద్వీపానికి రెండు వంతెనలున్నాయి, 1985లో తెరిచిన 13.5 కిలోమీటర్లది ఒకటి, 2014లో తెరిచిన 24 కిలోమీటర్లది ఇంకొకటి. కారులో వచ్చేవాళ్లు వాటి మీదుగా వస్తారు గానీ, నా మాట వింటే ఫెర్రీయే ఎక్కండి. పావుగంట ప్రయాణమే అయినా పెనాంగ్ ముఖ్య పట్టణం జార్జ్‌టౌన్ మొత్తం ఒడ్డు మీద వరసగా కనిపిస్తూ దగ్గరికొస్తుంది, పాత కంపెనీల తెల్ల భవనాలు కింద, వాటి వెనక కొమ్తార్ టవర్, ఇంకా వెనక కొండ. కాకినాడ వాళ్లం, జెట్టీలూ ఓడలూ మాకు కొత్త కాదు, అయినా రెయిలింగ్ దగ్గర్నుంచి కదల్లేదు.

హోటల్ చూలియా స్ట్రీట్ పక్క సందులో. బ్యాగులు గదిలో పడేసి కిందికి దిగేసరికి రోడ్డు పక్కన బండ్లన్నీ లైట్లేసుకుని మొదలైపోయాయి. ఇక్కడి పద్ధతి ముందే తెలుసుకుని వెళ్తే మంచిది. ఒక్కో బండి మీద ఒక్కటే వంటకం ఉంటుంది, ఆ మనిషి ఏళ్ల తరబడి అదొక్కటే చేస్తుంటాడు, కాబట్టి మెనూ అడిగితే వింతగా చూస్తారు. ఎక్కడో ఒక టేబుల్ పట్టుకోవాలి, నచ్చిన బండ్ల దగ్గరికెళ్లి చెప్పి, ఎక్కడ కూర్చున్నామో చూపించి రావాలి, తెచ్చిపెట్టినప్పుడు డబ్బులివ్వాలి. టేబుల్ ఎవరిదో వాళ్ల దగ్గర తాగడానికి ఏదో ఒకటి తీసుకోవాలి, అది మర్యాద.

నేను చార్ క్వే తియావ్ అనే వేపుడు నూడుల్స్ బండి దగ్గరే నిలబడిపోయాను. మెడలో తువ్వాలు వేసుకున్న పెద్దాయన, నల్లగా మాడిపోయిన ఒక బాణలి, కింద హోరుమని మంట. ముందు కొవ్వు, వెల్లుల్లి. తర్వాత వెడల్పాటి బియ్యప్పిండి నూడుల్స్, వాటి మీద సోయా సాస్ నీళ్లు, చుయ్యిమని పొగ. నూడుల్స్‌ని ఒక పక్కకి నెట్టి ఖాళీ జాగాలో గుడ్డు కొట్టి, అది గట్టిపడే లోపే నూడుల్స్ దాని మీదికి తిరగేశాడు. రొయ్యలు, మొలకలు, ఉల్లికాడల్లా ఉండే వెల్లుల్లి ఆకు, ఆఖర్లో సముద్రపు గుల్లల మాంసం, అది వేసిన రెండు మూడు సార్లు కలిపి దించేయడమే, లేకపోతే రబ్బరైపోతుంది. విశేషం ఏంటంటే, ముందు ఆరుగురు నిలబడి ఉన్నా ఆరు ప్లేట్లూ కలిపి ఒకేసారి వెయ్యడు. ఒక్కో ప్లేటూ విడిగా, మళ్లీ మొదట్నుంచి. ఒకేసారి వేస్తే బాణలి చల్లారిపోతుంది, అప్పుడు నూడుల్స్ వేగవు, ఉడుకుతాయి. ఆ పొగ వాసన పట్టకపోతే ఇక్కడ దాన్ని తినరు. ప్లేటు పది రింగిట్ల లోపే. రింగిట్ అంటే మన 20 రూపాయలకి అటూ ఇటూ.

మా ఆవిడ బండి మీద గిన్నెలో ఉన్నది చూసి "ఒరే, ఆ తెల్లగా పేరుకున్నదేంట్రా?" అంది.

"పంది కొవ్వు అక్కా. దాంతోనే వేయిస్తారు, అందుకే ఆ రుచి."

అంతే, కుర్చీ ఇటు తిప్పేసుకుంది. ఆవిడకి పక్కనే మలయ్ వాళ్ల బండి మీద చికెన్ సాతే దొరికింది. బొగ్గుల మీద కాల్చిన పుల్లలు, వేరుశెనగ సాసు, దోసకాయ ముక్కలు. ముస్లింల బండ్ల మీద పంది భయం లేదు, చైనా వాళ్ల బండ్ల దగ్గర అడిగి తినాలి. అసలు టెన్షన్ అది కాదు. తినడం అయ్యాక తీరిగ్గా చెప్పింది, "ఏవండీ, రేపు శనివారం." శనివారం ఆవిడ నీచు ముట్టదు, గుడ్డు కూడా. పెళ్లికి ముందు నుంచీ వెంకటేశ్వరస్వామికి మొక్కు. మా బావమరిది తల పట్టుకుని, "అక్కా, వారంలో ఏడు రోజులుండగా పెనాంగ్‌కి శనివారమే దొరికిందా" అన్నాడు. టికెట్లు బుక్ చేసింది వాడే.

శనివారం

వాడు రాత్రే ప్లాన్ చెప్పాడు. గుళ్లూ మేడలూ ఎప్పుడెళ్లినా అక్కడే ఉంటాయి, బండ్లు ఉండవు. ఒకటి పొద్దున పదింటికల్లా కట్టేస్తుంది, ఇంకోటి సాయంత్రం గానీ తెరవదు, సరుకు అయిపోతే మధ్యలోనే మూసేస్తారు. కాబట్టి తిండికి టైము చూసుకుని, చూసేవన్నీ ఆ మధ్యలో ఇరికించాలి. మామూలుగా మనం ఊళ్లు తిరిగే పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు. కానీ ఈ ఊరికి అదే సరైంది, ఎందుకంటే పాత జార్జ్‌టౌన్ చాలా చిన్నది, ఎటు నడిచినా పావుగంటలో ఏదో ఒకటి తగులుతుంది. నడవలేకపోతే క్యాట్ అని ఉచిత బస్సు ఉంది, ఊరు చుట్టూ తిరుగుతుంటుంది.

పొద్దున్నే క్యాంప్‌బెల్ స్ట్రీట్ దగ్గర సందులో ఉన్న టో సూన్ అనే కాఫీ కొట్టు. కొట్టంటే కొట్టు కాదు, రెండు గోడల మధ్య సందులోనే టేబుళ్లేశారు. ఇనప పీపాలో బొగ్గులు పోసి, అందులో బ్రెడ్డు కాలుస్తున్నారు. కాఫీ పొడిని పొడుగాటి గుడ్డ సంచిలో వేసి మరిగే నీళ్లు పోసి వడగడతారు. కోపి అంటే డబ్బాల్లో వచ్చే కండెన్స్‌డ్ మిల్క్ కలిపింది, కోపి-ఓ అంటే పాలు లేకుండా చక్కెరతో. రెండూ చిక్కగా, కొంచెం చేదుగా, మన ఫిల్టర్ కాఫీ అలవాటున్న వాళ్లకి నచ్చే తీరులోనే ఉంటాయి. బ్రెడ్డు మీద రాసేది కాయా, అంటే కొబ్బరిపాలు, చక్కెర, గుడ్లు కలిపి సన్నని మంట మీద గంటల తరబడి కలియబెట్టిన పాకం. దాంతో పాటు సగం ఉడికిన గుడ్లు రెండు, చిన్న సాసర్లో కొట్టుకుని, సోయా సాసూ తెల్ల మిరియాల పొడీ చల్లుకుని చెంచాతో తాగేయాలి. తినేయాలి అని రాయలేను, నిజంగా తాగడమే.

మా ఆవిడ లెక్క చూస్తే కాయాలో గుడ్డు, గుడ్డులో ఎలాగూ గుడ్డు. వెన్న రాసిన బ్రెడ్డు ముక్క, కోపి-ఓ. మా ఇద్దరి వైపు చూసిన చూపు గురించి రాయను.

అందుకని వెంటనే లిటిల్ ఇండియాకి నడిచాం. మార్కెట్ స్ట్రీట్, పెనాంగ్ స్ట్రీట్, క్వీన్ స్ట్రీట్ ఈ చుట్టుపక్కలంతా అదే. పొద్దున్నే సాంబ్రాణి, మల్లెపూలు, స్పీకర్లలో పాటలు. బోర్డులన్నీ తమిళం, మాటలన్నీ తమిళం. శాకాహార హోటల్లో దోసె, వడ, కొబ్బరి చట్నీ, ఇంకేం కావాలి. బయట బండి మీద పుట్టు మాయం కనిపించింది, మన దగ్గర ఇడియప్పం అంటామే అదే, కాకపోతే కొబ్బరి తురుమూ బెల్లపు పొడీ వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. ఆవిడ అది కూడా కట్టించుకుంది. పూలమ్మే ఆవిడతో వచ్చీరాని తమిళంలో బేరమాడుతుంటే, మేం మాట్లాడుకునేది విని, తన తల్లి వైపు వాళ్లు తెలుగు వాళ్లేనని, పెరాక్ వైపు తోటల్లో పనిచేశారని చెప్పింది. మలేషియాలో తెలుగు వాళ్లు ఎక్కువగా రబ్బరు, కొబ్బరి తోటల పనికి ఉత్తరాంధ్ర వైపు నుంచి ఓడలెక్కి వచ్చిన వాళ్ల సంతతే. ఆవిడకి తెలుగులో "బాగున్నారా", "అన్నం తిన్నారా" తప్ప ఇంకేం రాదు. మూర పూలకి డబ్బులు మాత్రం తగ్గించలేదు.

అక్కడి నుంచి మస్జిద్ కపితాన్ కెలింగ్ రోడ్డు. ఈ ఒక్క రోడ్డూ దాని పక్క వీధీ నడిస్తే ఊరు చరిత్ర సగం అర్థమవుతుంది. ఒక చివర 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి, తెల్లటి స్తంభాలతో. ఈస్టిండియా కంపెనీ వాళ్లు దాన్ని ఖైదీల చేత కట్టించారు. అప్పట్లో మన దేశంలో శిక్ష పడ్డవాళ్లని ఇక్కడికి పంపేవాళ్లు. కొంచెం ముందుకొస్తే చైనీయుల కరుణాదేవత కువాన్ యిన్ గుడి, లోపల అగరుబత్తుల పొగకి కళ్లు మండుతాయి, అగరుబత్తులంటే మన సైజువి కాదు, చేతికర్రంతవి కూడా ఉన్నాయి. క్వీన్ స్ట్రీట్ వైపు తిరిగితే 1833లో కట్టిన మహామారియమ్మన్ గుడి, గోపురం చూసి మా ఆవిడ చెప్పులు విప్పేసింది. చివర్న కపితాన్ కెలింగ్ మసీదు, 1801లో తమిళ ముస్లిం వర్తకులు మొదలుపెట్టింది. నాలుగూ కలిపి తీరిగ్గా చూసినా గంటన్నర. మారియమ్మన్ గుళ్లో అర్చన చేయించుకుని శనివారం సార్థకమైందని ఆవిడ సంబరపడింది, సరే, ఇక మా తిండికి అడ్డు చెప్పదని మేం సంబరపడ్డాం.

పది దాటితే ఎండ. ఇది మామూలు ఎండ కాదు, భూమధ్యరేఖకి దగ్గర, పైగా సముద్రం పక్క, చొక్కా తడిసిపోవడానికి నడవక్కర్లేదు, నిలబడితే చాలు. అందుకే పాత దుకాణాల ముందు వరసగా నీడ వసారాలు ఉంటాయి, ఒక కొట్టు వసారాలోంచి పక్క కొట్టు వసారాలోకి నడుచుకుంటూ పోవచ్చు. మధ్యలో ఎవరో మోటారు సైకిల్ పెట్టేస్తారు, ఎవరో గిన్నెలు కడుగుతుంటారు, అప్పుడు రోడ్డు మీదికి దిగి మళ్లీ ఎక్కాలి. కార్న్‌వాలిస్ కోటకి మాత్రం నీడ లేదు. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే కంపెనీ మనిషి ఇక్కడ దిగి ద్వీపాన్ని ఆక్రమించిన చోటది. మనం స్కూల్లో శాశ్వత శిస్తు విధానం, 1793 అని బట్టీ పట్టామే, ఆ కార్న్‌వాలిస్ పేరే దీనికి పెట్టారు. ఈ కోట ఒక్క యుద్ధం కూడా చూడలేదు. లోపల 1603 నాటి డచ్చి ఫిరంగి ఒకటుంది, సెరి రంబాయి అంటారు, పిల్లలు లేనివాళ్లు దాని మీద పూలు పెట్టి మొక్కుకుంటారట. ఎదురుగా గడియారం స్తంభం 60 అడుగులు, విక్టోరియా రాణి పాలన 60 ఏళ్లయిన సందర్భంగా ఏడాదికో అడుగు చొప్పున ఇక్కడి చైనా ధనవంతుడొకాయన కట్టించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి కొద్దిగా ఒరిగింది, తెలిసి చూస్తే కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే టైము తక్కువుంటే కోట వదిలేయొచ్చు, స్తంభం దారిలోనే కనబడుతుంది.

వదలకూడనిది ఖూ కొంగ్సి. చైనాలోని ఒకే ప్రాంతం నుంచి వచ్చిన ఖూ ఇంటిపేరు వాళ్లందరి కుల సంఘ భవనం అనుకోండి, పూర్వీకుల పూజామందిరం కూడా అదే. మొదట కట్టింది 1901లో తగలబడిపోయింది. చక్రవర్తి భవనాన్ని మించేలా కట్టారని దేవతలకి కోపమొచ్చిందని చెప్పుకుని, 1906లో మళ్లీ కట్టినప్పుడు తగ్గించి కట్టారట. తగ్గించిందే ఇదైతే మొదటిది ఎలా ఉండేదో. పైకప్పు మీద రంగు రంగుల పింగాణీ ముక్కలు పగలగొట్టి అతికించి చేసిన బొమ్మలు, పూలు, డ్రాగన్లు, పైకి చూసి చూసి మెడ పట్టేసింది. లోపల నాకు బాగా నచ్చింది వేరే. గోడల నిండా బంగారు అక్షరాల చెక్క పలకలు, ఆ ఇంటిపేరు వాళ్లలో ఎవరెవరు ఏ యూనివర్సిటీలో ఏ డిగ్రీ చదివారో రాసి వేలాడదీశారు. పూర్వీకుల గదిలో దేవుళ్ల పక్కన డిగ్రీలు! మన కుల సంఘాల వాళ్లకి ఈ సంగతి తెలిస్తే పోటీలు పడతారు.

ఆర్మీనియన్ స్ట్రీట్ పక్కనే. 2012లో ఎర్నెస్ట్ జకారెవిక్ అనే లిథువేనియా చిత్రకారుడు గోడల మీద వేసిన బొమ్మలతో ఈ వీధి పేరు ప్రపంచమంతా పాకింది. గోడ మీద పిల్లలిద్దరు, వాళ్ల కింద నిజం సైకిలు. దాని దగ్గర ఫోటో కోసం క్యూ, ఎండలో, గొడుగులతో. మేం క్యూలో నిలబడలేదు, పక్కనుంచి చూసి వచ్చేశాం. నన్నడిగితే వీటికంటే ఊరంతా అక్కడక్కడా బిగించిన ఇనుప తీగల కార్టూన్లు బాగుంటాయి, ఆ వీధిలో ఒకప్పుడు ఎవరుండేవాళ్లో, ఏ పని చేసేవాళ్లో వెటకారంగా చెప్తాయి.

ఒంటిగంటకి నాసి కందర్. ఒకప్పుడు తమిళ ముస్లింలు భుజాన కావడి వేసుకుని, ఒక బుట్టలో అన్నం, ఇంకో బుట్టలో కూరలు పెట్టుకుని రేవు దగ్గర కూలీలకి అమ్మేవాళ్లు. ఇప్పుడు కావళ్లు పోయి ఏసీ హోటళ్లొచ్చాయి, క్యూలు మాత్రం అలాగే ఉన్నాయి. అన్నం పెట్టాక కూర చూపిస్తే వేస్తాడు, కోడి, చేపగుడ్లు, బెండకాయ, గొర్రె మాంసం. ఆ తర్వాత చేసేదే అసలు పని. నాలుగైదు గిన్నెల్లోంచి గరిటె గరిటె పులుసు తీసి, అన్నీ ఒకదాని మీద ఒకటి పోసేస్తాడు. "బంజిర్" అంటే ఇంకా పోస్తాడు, వరద అన్నమాట, ప్లేటులో అన్నం కనబడదు. విడివిడిగా ఏ పులుసూ గొప్పగా ఉండదు. కలిస్తే మాత్రం చెయ్యి ఆగదు. ధర ముందే అడగండి, పెద్ద రొయ్యా చేపగుడ్లూ తీసుకుంటే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. మా బావమరిదికి తిరిగాయి.

ఆవిడ మాటేంటంటారా, రెండు సందులవతల చైనీయుల శాకాహార హోటల్. ఇది శనివారాల వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. బౌద్ధులైన చైనీయులు చాంద్రమాసంలో మొదటి రోజూ పదిహేనో రోజూ శాకాహారం తింటారు కాబట్టి ఇలాంటివి ఊళ్లో చాలా ఉన్నాయి. బయట 素 అనే గుర్తు ఉంటుంది, అది చూసి లోపలికి వెళ్లిపోవచ్చు. మాంసం, చేప సంగతి సరే, చాలాచోట్ల ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు, మడి వంట కిందే లెక్క. అన్నం, నచ్చిన కూరలు ప్లేట్లో పెట్టించుకుంటే చూసి ధర చెప్తారు. తోఫు, పుట్టగొడుగులు, పిండితో చేసిన మాంసం లాంటి ముక్కలు. ఆ ముక్కలు మరీ మాంసంలా ఉన్నాయని మా ఆవిడ పక్కన పెట్టేసింది.

ఎండ మండిపోతున్నప్పుడు తినాల్సింది చెండోల్. పెనాంగ్ రోడ్డులోంచి కెంగ్ క్వీ అనే సందులోకి తిరిగితే ఎదురెదురుగా రెండు బండ్లు, ఒకదాని ముందు సందు చివరిదాకా క్యూ. గిన్నెలో ఐసు తురుము, పాండన్ అనే సువాసన ఆకు రసంతో చేసిన ఆకుపచ్చ బియ్యప్పిండి పోగులు, ఉడికించిన ఎర్ర గింజలు, కొబ్బరిపాలు, పైన చిక్కటి గులా మెలాకా, అదే కొబ్బరి నీరా కాచి చేసే బెల్లం. చాలామంది కూర్చోరు, గోడకానుకుని నిలబడి రెండు నిమిషాల్లో ముగించి గిన్నె ఇచ్చేసి పోతారు. ఇందులో గుడ్డు లేదు, నీచు లేదు. మా ఆవిడ రెండు తింది.

మూడు గంటలకి మబ్బులు కమ్ముకున్నాయి. లీత్ స్ట్రీట్‌లో నీలం మేడ టూర్‌కి టికెట్లు తీసుకుని లోపలికి వెళ్లామో లేదో ధడధడా వాన. చియోంగ్ ఫాట్ జే అనే వ్యాపారి పందొమ్మిదో శతాబ్దం చివర కట్టించిన ఇల్లు, 38 గదులు, 220 కిటికీలు, రాతి పలకలు పరిచిన ఐదు మండువాలు. గోడల నీలం రంగు సున్నంలో నీలిమందు కలిపి వేసింది, ఆ నీలిమందు మన దేశం నుంచే ఓడల్లో వచ్చింది. గైడు నడి మండువా చుట్టూ మమ్మల్ని నిలబెట్టి, "మీ అదృష్టం, చూడండి" అంది. నాలుగు వైపుల కప్పుల మీది నీళ్లు మండువాలో పడుతున్నాయి, నేల మీద నిలవకుండా ఎటో పోతున్నాయి, ఇల్లంతా ఒక్కసారిగా చల్లబడింది. వాళ్ల వాస్తు ప్రకారం నీళ్లంటే డబ్బు, అది ఇంట్లోకి రావాలి, ఇంట్లో కాసేపు తిరగాలి, నెమ్మదిగా బయటికి పోవాలి. మా తాతగారింటి మండువాలో ఇత్తడి గంగాళం పెట్టి వాన నీళ్లు పట్టేవాళ్లు, అక్కడ మాత్రం డబ్బు నిలిచిన దాఖలా లేదు. టూరు ముక్కు పిండి వసూలు చేస్తారు గానీ, ఊళ్లో డబ్బులు పెట్టి చూడాల్సింది ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే చెప్తాను.

వాన వెలిశాక సముద్రం ఒడ్డున చ్యూ జెట్టీ. నీళ్లలో కర్రలు పాతి, వాటి మీద చెక్క వంతెన, వంతెనకి రెండు వైపులా ఇళ్లు. ఒక్కో జెట్టీ ఒక్కో ఇంటిపేరు వాళ్లది, చ్యూ, లిమ్, టాన్, లీ. నేల మీద లేవు కాబట్టి భూమి పన్ను లేదని చెప్తారు. ఇప్పుడు ముందు గదులన్నీ టీ షర్టుల కొట్లయ్యాయి. ఇళ్లల్లోకి ఫోన్లు పెట్టి ఫోటోలు తీసే జనాన్ని చూస్తే చిరాకేసింది, లోపల ముసలాయన బనీనేసుకుని టీవీ చూసుకుంటున్నాడు పాపం. చివరిదాకా వెళ్లి గాలికి కాసేపు కూర్చుని వచ్చేశాం.

రాత్రి తిండికి కింబర్లీ స్ట్రీట్. ఇక్కడే ఒక గండం తప్పింది. పళ్ల బండి మీద మామిడికాయ, అనాస, జామ, దోస ముక్కలు కోసి పెట్టి ఉంటే, పళ్లేగా అని మా ఆవిడ రోజాక్ ఒక ప్లేటు చెప్పేసింది. మా బావమరిది పరుగెత్తుకుంటూ వచ్చి, "అక్కా, ఆగు, ఆ నల్ల సాసు రొయ్యల ముద్ద!" అన్నాడు. పళ్ల మీద రొయ్యలు పులియబెట్టిన సాసు పోసి, వేరుశెనగ పొడి చల్లుతారని ఎవరనుకుంటారు? ఆ ప్లేటు నాకొచ్చింది. తీపి, పులుపు, ఘాటు, సముద్రం వాసన అన్నీ కలిపి, మొదటి ముక్కకి మొహం చిట్లించాను, ప్లేటు ఖాళీ చేసే సరికి ఇంకోటి చెప్దామా అనిపించింది. రొయ్యల ముద్ద, ఎండు రొయ్యల పొడి ఈ ఊళ్లో ఆకుకూర వేపుడులో కూడా వేస్తారు. కాబట్టి "వెజిటబుల్" అంటే సరిపోదు, రొయ్యలు లేవు కదా అని విడిగా అడగాల్సిందే. ఆవిడకి ఇండియన్ వాళ్ల బండి మీద అపోం దొరికింది, కొబ్బరిపాల పిండితో చిన్న చిన్న పెనాల మీద పోసినవి. అందులో గుడ్డు వేస్తారా అని అడిగితే అమ్మేవాడు నవ్వి వేస్తామన్నాడు. చివరికి జాజికాయ రసం, ఉప్పుచెనగలు. రాత్రి పన్నెండయ్యాక అడగనా అని నేనంటే గట్టిగా గిల్లింది.

ఆదివారం

పొద్దున్నే పెనాంగ్ హిల్. కొండ రైలు 1923 నుంచి ఉంది, ఇప్పుడు నడిచేవి 2011లో వేసిన కొత్త పెట్టెలు. 833 మీటర్లు, మన అరకంత ఎత్తు కూడా లేదు గానీ కింద ఉడుకుతుంటే పైన హాయిగా ఉంటుంది. ఎనిమిది లోపే వెళ్లండి, తర్వాత క్యూ చూస్తే నీరసమొస్తుంది. పైనుంచి ఊరూ వంతెనా కనిపిస్తాయి, ఒక మురుగన్ గుడి, ఒక మసీదు, ఖరీదైన హోటళ్లు. గంట చాలు.

దిగువనే కెక్ లోక్ సి ఆలయం. ఏడంతస్తుల గోపురం 1930లో పూర్తయింది, అడుగున చైనా పద్ధతి, మధ్యలో థాయ్‌లాండ్ పద్ధతి, పైన బర్మా పద్ధతి. ఇంకా పైకెక్కితే 30.2 మీటర్ల కంచు కువాన్ యిన్ విగ్రహం. మెట్ల దారిలో తాబేళ్ల చెరువు, వాటికి ఆకుకూర కట్టలు అమ్ముతారు, జనం కొని వేస్తుంటే కడుపు నిండిన తాబేళ్లు కళ్లు మూసుకుని పడున్నాయి.

ఇక మా ఆవిడ ఎదురుచూసిన ఘట్టం. గుడి కింద అయర్ ఇతమ్ బజార్లో ఆసాం లక్సా. అక్కడి ఫేమస్ బండి కోసం అంతా తిరిగితే ఆ రోజు సెలవని అట్ట కట్టి ఉంది, పక్క కొట్లో కూర్చున్నాం. గిన్నెలో లావుపాటి తెల్ల నూడుల్స్, మీద చేపల రసం, సన్నగా తరిగిన దోస, అనాస, ఉల్లిపాయ, పుదీనా, గులాబీ రంగు అల్లంపువ్వు తరుగు, పక్కన చెంచాలో అదే నల్ల రొయ్యల సాసు. ఆవిడ ముందు రసం ఒక్కటే తాగింది. మళ్లీ తాగింది. కాకినాడలో ముప్పై ఏళ్లుగా చేపల పులుసు పెడుతున్న మనిషి, తీర్పు ఎలా ఉంటుందోనని మేమిద్దరం చెంచాలు పట్టుకుని చూస్తున్నాం.

"కానాగంతలు. ఉడకబెట్టి, ముళ్లు తీసి, చిదిమి రసంలోనే కలిపేశాడు. చింతపండు ఒక్కటే కాదు, ఇంకేదో పులుపు కూడా ఉంది. మెంతులు లేవు, తాలింపు లేదు." ఇంకో చెంచా. "అయినా బాగుందండీ. ఈ పువ్వేంటిది?"

ఇంకేదో పులుపు అంటే ఎండబెట్టిన పుల్లటి కాయ ముక్కలు, కొట్టువాడు డబ్బాలోంచి తీసి చూపించాడు. పువ్వు పేరు బుంగా కంతాన్, అల్లం జాతిదే, మొగ్గగా ఉన్నప్పుడే కోసి సన్నగా తరుగుతారు. మా బావమరిది లేచి, మూసేసే టైముకి బజార్లోకి పరుగెత్తి రెండు మొగ్గలు, కాయ ముక్కల పొట్లం, రొయ్యల సాసు డబ్బా పట్టుకొచ్చాడు. ఆవిడ రెండో గిన్నె చెప్పి, చేపలు ఎంతసేపు ఉడికించాలో, నూడుల్స్ ఏ సైజువో కొట్టువాణ్ని సైగలతో అడుగుతోంది.

ఫెర్రీకి నడుస్తూ పెసరపప్పు బిస్కట్లు రెండు పెట్టెలు కొన్నాం. కొన్ని కొట్లలో వాటి పిండిలో కూడా పంది కొవ్వు కలుపుతారు, పెట్టె మీద చదివి కొనండి. రైలెక్కాక మొగ్గల వాసన బోగీ అంతా. మంగళవారం మా ఫ్లైటు, పచ్చి మొగ్గలు ఇండియాకి తీసుకెళ్లడం కుదరదు, అందుకని సోమవారం కేఎల్‌లో మా బావమరిది వంటింట్లోనే వండాలని తేలింది. కానాగంతలు తెచ్చే పని నాది. తాలింపు మాత్రం వేసి తీరతానంటోంది.